రెండూ రాయాలమ్మాయ్

మేడమ్ పోయారని శుక్రవారం తెలిసింది. ఇక్కడే కువైట్‌లో, సల్వా పేటలో ఒక ఇంట్లో పనిచేసే రమణమ్మ, సెలవు దొరికినప్పుడల్లా రిగ్గైలో మా ఇంటికి వస్తుంది. ఆ రోజు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"అయివారమ్మ పోయినారంటమ్మా. బకాలా అంగడాయన ఊరికి పోయొచ్చినాడు గదా, ఆయనే చెప్పినాడు. నెల దాటిందంట. నిద్దట్లోనేనంట. ఎవురికీ ఒక పని చెప్పకుండా పోయింది సూడు, మహాతల్లి."

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. మా పాపకి మూడేళ్ళు దాటాయి. సీసా మానేసి చాలా కాలమైంది. నీళ్ళు మరిగి మరిగి సగానికి వచ్చాక రమణమ్మే వచ్చి పొయ్యి ఆపింది.

"ఏమ్మా, ఇంగా సీసాలు కడుగుతాండావా?" అంది. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడు పాప నిద్రపోయింది. మా ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళారు. తలుపు గడియ ఒకసారి చూసి, నమ్మకం చాలక మళ్ళీ చూసి, వచ్చి రాయడానికి కూర్చున్నాను. పాప మంచం కింద పాలపొడి డబ్బాలున్నాయి. ఆ పాలు తాగేవాళ్ళు ఈ ఇంట్లో లేరు. గడువు దాటగానే తీసేసి కొత్తవి పెడతాను. "మళ్ళీ ఎవరైనా దండెత్తి వస్తే టీకి నేరుగా మనింటికే రావచ్చు" అని ఆయన నవ్వుతారు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆయన ఇక్కడ లేరు. అందుకే నవ్వగలుగుతారు. నాకు కోపం రాదు.

అప్పట్లో మేం బ్నీద్ అల్ గార్‌లో ఉండేవాళ్ళం. మేడమ్‌ని మొదట చూసింది ఆ బిల్డింగ్ మెట్ల మీద. నేత చీర, కాళ్ళకి తెల్ల కాన్వాస్ బూట్లు, భుజానికి గుడ్డసంచి. కాకినాడలో కాలేజీలో చరిత్ర చెప్పేవారట. పెళ్ళి చేసుకోలేదట. వయసు మళ్ళుతుండగా కువైట్ వచ్చి ఇక్కడి ఒక స్కూల్లో సోషల్ టీచరుగా చేరారట. ఆవిడ జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. అడిగితే, "అది సిలబస్‌లో లేదు" అనేవారు.

ఆ రోజు నా చేతిలో న్యూస్‌పేపర్ అట్ట వేసిన పుస్తకం ఉంది. మెట్ల మధ్యలో ఆగారు.

"ఏం చదువుతున్నావమ్మాయ్?"

"ఎం.ఏ. మేడమ్, ప్రైవేటుగా. అమెరికా చరిత్ర పేపరు మిగిలిపోయింది."

"ఏ కాలం?"

"అంతర్యుద్ధం తర్వాతి నుంచి ఆ శతాబ్దం చివరిదాకా."

పరాయి ఊళ్ళో ఎవరో మన పుట్టింటి ఊరి పేరు ఎత్తితే మన ముఖం ఎలా అవుతుందో, ఆవిడ ముఖం అలా అయింది. "రైళ్ళు, ఉక్కు, చమురు, దొంగలు!" అన్నారు, చుట్టాల పేర్లు చెప్పినట్టు. "రేపు సాయంత్రం నాలుగింటికి పైకి రా. ఆలస్యమైతే తలుపు తీయను."

అలా మొదలైంది. ముందు హాజరు. విద్యార్థిని నేనొక్కదాన్నే. అయినా ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు పిలిచేవారు. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నేను "ప్రెజెంట్ మేడమ్" అనేదాకా పాఠం కదిలేది కాదు. నల్లబల్ల లేదు కాబట్టి వంటింటి గోడ పలకల మీద సుద్దతో రాసేవారు. అమెరికా తూర్పు తీరం పొయ్యి దగ్గర, పడమటి తీరం ఫ్రిజ్ దగ్గర. ఈ చివర నుంచి ఒక కంపెనీ, ఆ చివర నుంచి ఇంకో కంపెనీ పట్టాలు వేసుకుంటూ వచ్చి సింకు పైన కలిశాయి. ప్రభుత్వం వాళ్ళకి దారి పొడుగునా భూములు ధారపోసింది. ఆ చట్టం చేసిన పెద్దమనుషుల జేబుల్లో ఆ కంపెనీల వాటాలే ఉన్నాయి. పట్టాలు కలిసిన చోట బంగారు మేకు కొట్టి అందరూ ఫోటో తీయించుకున్నారు.

"ఆ ఫోటోలో లేనిదెవరు?" అని అడిగారు.

తెలియదన్నాను.

"కొండలు పేల్చి దారి చేసిన చైనా కూలీలు. ఏ ఫోటో చూసినా ముందు అదే అడుగు. ఉన్నవాళ్ళ సంగతి ఉన్నవాళ్ళే చెప్పుకుంటారు."

ఉక్కు, చమురు కోటీశ్వరుల మీద నేనొక వ్యాసం రాసి తీసుకెళ్ళాను. వాళ్ళని దొంగలని, రక్తం తాగారని, చేతనైనన్ని మాటలు అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. చదివి తిరిగి నా చేతిలో పెట్టారు.

"సగమే రాశావు. కిరోసిన్ చవకై పేదవాడి ఇంట్లో దీపం వెలిగింది. అది రాయి. ఆ కిరోసిన్ అమ్మినవాడే చిన్న వ్యాపారుల్ని ఒక్కొక్కళ్ళనే నలిపేశాడు. అదీ రాయి. రెండూ రాయాలమ్మాయ్. ఒకటే రాస్తే సగం మార్కులు."

ఆవిడకి నచ్చని మనిషి ఒకడుండేవాడు. ఆ కాలపు పెద్ద నగరాల్లో పేటకొక రాజకీయ బాసు. ఎవరి ఇల్లైనా కాలితే ఫైరింజను కన్నా ముందు అక్కడ ఉంటాడు. దుప్పటి కప్పుతాడు, తలదాచుకోడానికి గది చూపిస్తాడు, చలికాలం బొగ్గు పంపుతాడు. ఓడ దిగి వచ్చినవాడిది ఏ దేశమని, ఏ మతమని అడగడు. బదులుగా ఓటు. ఆ ఓట్లతో గెలిచి ఊరి ఖజానా మింగేస్తాడు. వాడి పాఠం చెప్పిన రోజు మేడమ్ సుద్దముక్క విరిగింది. "వాడు పచ్చి దొంగ" అన్నారు. విరిగిన ముక్కలు ఏరుతూ, ఇష్టం లేకుండా అన్నారు: "కానీ దుప్పటి నిజం."

పాప పుట్టినప్పుడు చూడటానికి వచ్చారు. పిల్లని ఎత్తుకోవడం ఆవిడకి రాదు. జవాబు పత్రాల కట్ట పట్టుకున్నట్టు రెండు చేతులా నిలువుగా పట్టుకుని, "ఇదేం చేస్తుంది?" అని అడిగారు. "పాలు తాగుతుంది, నిద్రపోతుంది మేడమ్" అన్నాను. "మంచి విద్యార్థిని" అని వెనక్కి ఇచ్చేశారు.

ఆ వేసవిలో మా మామగారికి ఆపరేషన్ అని మా ఆయన ఊరికి వెళ్ళారు. ఆపరేషన్ కాగానే వచ్చేస్తానన్నారు. ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున శబ్దాలకి లేచి చూస్తే వీధి చివర ట్యాంకులు. ఫోన్ ఎత్తితే చప్పుడు లేదు. నాకు నా దేశం నుంచి, నా మనిషి నుంచి కబురు తెగిపోయింది. ఒళ్ళో ఆరు నెలల పిల్ల. కిటికీలు లేవని స్నానాలగదిలో నేల మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా అలాగే ఉన్నాను.

తలుపు తట్టిన చప్పుడైంది. "అమ్మాయ్!" అని వినపడ్డాక తీశాను. కాన్వాస్ బూట్లు, గుడ్డసంచి.

"నాలుగు దాటింది. ఎందుకు రాలేదు?"

"మేడమ్, బయట..."

"బయట సంగతి నాకూ తెలుసు. పుస్తకం తే. ఎక్కడ ఆపాం?"

"నాకేమీ గుర్తులేదు" అని ఏడ్చాను.

"నాకు గుర్తుంది. ఉక్కు కార్ఖానా సమ్మె." చాప మీద కూర్చుని నా పూర్తి పేరు పిలిచారు. పొద్దుట్నుంచి నా పేరు పలికినవాళ్ళు ఎవరూ లేరు. కొంగుతో ముఖం తుడుచుకుని "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. కార్ఖానా యజమాని కార్మికుల మీదికి తుపాకుల కాపలాదారుల్ని పడవల్లో దించిన కథ చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఎక్కడో కాల్పులు వినపడ్డాయి. మేడమ్ చెయ్యెత్తి అరచెయ్యి చూపించారు, వెనక బెంచీల అల్లరిని ఆపినట్టు. కాల్పులు ఆగేదాకా చెయ్యి దించలేదు. ఆగాక, "ఊఁ, పడవలు ఒడ్డుకి వచ్చాయి" అన్నారు. నాకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

కొద్ది రోజులకి రమణమ్మ వచ్చింది. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు వేసవికని విదేశం వెళ్ళారు, ఇల్లు ఆమెకి అప్పజెప్పి. ఒంటరిగా ఉండలేక, వంటింట్లో ఉన్న బియ్యం మూట ఎత్తుకుని, తెలుగువాళ్ళున్నారని విని ఎవరిదో పికప్‌లో మా బిల్డింగ్‌కి చేరింది. "మామా తిరిగొస్తే నన్ను సంపుతాది ఈ బియ్యానికి" అనేది, వండేటప్పుడల్లా. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. బిల్డింగ్ కింది గోదాములో జగిత్యాల వైపు కూలీలు కొందరు దిగారు. వాళ్ళ క్యాంపులో తిండి ఆగిపోయింది. వాళ్ళలో గంగారాం అనే ఆయన పెద్ద.

నాలుగింటి పాఠానికి రమణమ్మ కూడా వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. రైలు పెట్టెలు చేసే ఒక యజమాని పనివాళ్ళకి ఊరే కట్టించిన కథ ఒకరోజు చెప్పారు. ఇల్లు వాడిదే, సరుకులు కొనే కొట్లూ వాడివే, చర్చి కూడా వాడిదే. గడ్డురోజులొచ్చి జీతాలు కోశాడు గానీ ఇంటద్దె తగ్గించలేదు.

"అంటే మా కఫీల్ మాదిరి" అంది రమణమ్మ, తన వీసా యజమానిని తలుచుకుని.

"ఇంచుమించు."

"పాస్‌పోర్టులు గూడా బీరువాలో పెట్టుకుని బీగం ఏసినాడా?"

"లేదు. అది చెయ్యలేదు."

"అట్లయితే మేలైన మడిసే గదమ్మా! ఆడ పనుంటే సూడండి నాకు!"

మేడమ్ పొలమారేదాకా నవ్వారు.

అప్పటికి మా ఇంట్లో ఆఖరి పాలడబ్బా అడుగు కనపడుతోంది. స్పూను రేకుని గీరే చప్పుడు ఇప్పటికీ నాకు పడదు. కంగారుకి నా పాలు ఇంకిపోయాయి. చుట్టుపక్కల సొసైటీ దుకాణాల్లో అరలు ఖాళీ. బిల్డింగ్‌లో మలయాళీ నర్సు కవలలు, ఇంకో ఇద్దరు ముగ్గురు పసివాళ్ళు ఉన్నారు. అందరికీ తెలిసిందొకటే: కింద బకాలా, అంటే చిన్న కిరాణా కొట్టు, నడిపే గోదావరి ఆయన షట్టర్ దించేసి పాలడబ్బాల పెట్టెలు తన ఫ్లాట్‌లోకి చేర్చుకున్నాడు.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ వెంటనే న్యూయార్కు వెళ్ళిపోయారు. అక్కడి ఇరుకు ఇళ్ళలో వేసవి వచ్చిందంటే కల్తీ పాలకి, విరిగిన పాలకి పసిపిల్లలు రాలిపోయేవారట. ఒక పెద్ద దుకాణం యజమాని తన సొమ్ముతో పాల కేంద్రాలు పెట్టించాడట. పాలు కాచి, శుభ్రమైన సీసాల్లో పోసి తల్లులకి అందించారట.

"మనమూ పెడదాం. నా ఫ్లాటే కేంద్రం. ఈ సాయంత్రం మెట్ల మీద మీటింగ్."

మీటింగ్ జరిగింది. మేడమ్ పై మెట్టు మీద నిలబడి తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడారు. చమురు గుత్తాధిపత్యం, పంచదార గుత్తాధిపత్యం, గిడ్డంగుల్లో ధాన్యం, రోడ్డున పడ్డ రైతులు. నిలబడి నిలబడి జనం కాళ్ళు మార్చుకుంటున్నారు. చివరికి బకాలా ఆయన వైపు వేలు చూపించి, "ఇదిగో, మన బిల్డింగ్ చమురు చక్రవర్తి!" అన్నారు.

ఆయన చెంప మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాడు. ముఖం జేగురించింది. "ఏటండీ మేడమ్‌గారూ, దొంగోణ్ణా నేను? చదువుకున్నోరు అనే మాటేనాండీ ఇది? రేపు సైనికులొచ్చి ఎత్తుకుపోతే నా సరుకు మీ పాఠాలు తెచ్చిస్తాయాండీ?" అని విసురుగా లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. జనం చెదిరిపోయారు. ఒక్క డబ్బా రాలేదు.

మేడమ్ మెట్టు మీద కూర్చుండిపోయారు. బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. నేను పాపని భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాను. ఆ పూట పాపకి పట్టింది పల్చని పాలు, దాదాపు నీళ్ళే.

"మంచి పాలన కావాలన్న పెద్దమనుషులు ఆ నగరాల్లో ఎందుకు ఓడిపోయేవారు? చెప్పు" అన్నారు.

"ఇప్పుడు పాఠమా మేడమ్?"

"చెప్పు."

"వాళ్ళు సభలు పెట్టి ఉపన్యాసాలిచ్చారు. బాసు ఇంటింటికీ వెళ్ళాడు."

"కాలేజీలో ఇన్నేళ్ళు అదే చెప్పాను. ఇవాళ నేనేం చేశాను? మెట్ల మీద ఉపన్యాసం." బకాలా ఆయన తలుపు వైపు చూశారు. "అతను చెంప పట్టుకున్నాడు, చూశావా? కోపం అనుకున్నాను. అది పంటి నొప్పి."

మర్నాడు పొద్దున్నే ఇంటింటికీ బయలుదేరారు. ఎవరినీ డబ్బా అడగలేదు. మీకేం కావాలి అని కూడా అడగలేదు. కూర్చుని, టీ ఇస్తే తాగి, చుట్టూ చూసి వచ్చేవారు. మా హారిస్, అంటే బిల్డింగ్ కాపలాదారు, ఈజిప్టు మనిషి. పక్క బిల్డింగ్‌లో పాలస్తీనా పళ్ళ డాక్టరు క్లినిక్ మూసి ఇంట్లో కూర్చున్నాడని అతనే చెప్పాడు. ఆ డాక్టరుది పై అంతస్తు. మోటారు చెడిపోయి నీళ్ళు ఎక్కడం లేదు, ఇంట్లో మంచాన పడ్డ తల్లి. మేడమ్ గోదాములోకి దిగి గంగారాంని అడిగారు.

"నీళ్ళు మోసుడేనా? గంతేనా?" అన్నాడు గంగారాం. "ఊకె కూసుంటె పిచ్చి లేస్తున్నది మేడమ్. చెప్పున్రి, సముద్రం ఎత్తుకొస్త. గని బువ్వ సంగతి చూడున్రి. పోరగాళ్ళు ఆకలికి గోడలు గీకుతున్నరు."

బియ్యం రమణమ్మ దగ్గరుంది, గ్యాస్ అయిపోయింది. నిండు సిలిండరు నర్సు ఇంట్లో ఉంది. నర్సుకి కావలసింది పాలు. గొలుసు తిరిగి తిరిగి పాల దగ్గరికే వచ్చింది. పాలు వస్తాయని మేడమ్ నర్సుకి మాటిచ్చేశారు, ఒక్క డబ్బా చేతిలో లేకుండా. సిలిండరు వచ్చింది, అన్నం ఉడికింది, నీళ్ళు పైకెక్కాయి. ఆ సాయంత్రమే డాక్టరు భోజనాల బల్ల మీద బకాలా ఆయన పన్ను పీకాడు. తల పట్టుకున్నది గంగారాం. బకాలా ఆయన పట్టుకున్నది మేడమ్ చెయ్యి. ఆ గోళ్ళ గుర్తులు వారం దాకా ఉన్నాయి.

తెల్లవారాక ఆయన దవడకి గుడ్డ కట్టుకుని, భుజాన ఒక అట్టపెట్టెతో మేడమ్ గుమ్మంలోకి వచ్చాడు. మాట రాదు. పెట్టె దించాడు. మేడమ్ పంచదార ఊసెత్తలేదు, చమురు ఊసెత్తలేదు. "నొప్పి తగ్గిందా?" అన్నారు. తలూపి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన భార్య వచ్చి, "ఇంకా ఉన్నాయండి, మెల్లిగా తెస్తారు. ఆయన మాట పడలేరు, కానీ మనసు మంచిదండి" అంది.

"మేడమ్, మీరు బాసు అయిపోయారు" అన్నాను, డబ్బా మూత తీస్తూ.

"నోర్ముయ్" అన్నారు. తర్వాత, "ఓట్లు అడగలేదు కదా. అదీ రాయి."

అన్నం వండితే మాడ్చే మనిషి, నీళ్ళు మరిగించడం మాత్రం పూజలా చేశారు. గోడ మీద అమెరికా చెరిపేసి, ఏ సీసా ఏ పిల్లదో సుద్దతో గుర్తులు వేశారు. తను పాలు లేని నల్ల టీ తాగారు. అది కషాయంలా ఉండేది. హారిస్ రోజూ వచ్చి ఆ టీ తాగి, ముఖం చిట్లించి, "యల్లా" అని లేచి వెళ్ళేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్తే అక్కణ్ణుంచి మన విమానాలున్నాయని కబురు వచ్చింది. పాస్‌పోర్టు లేని రమణమ్మలాంటి వాళ్ళకి కూడా ప్రయాణానికి కాగితం ఇస్తున్నారు. బిల్డింగ్ అంతా మూటలు కట్టింది. నేను కట్టలేదు. ఆ ఎండలో, ఆ ఎడారిలో, మగతోడు లేకుండా పసిపిల్లతో ఎలా వెళ్ళను? ఉన్న డబ్బాలు ఎన్నాళ్ళొస్తాయో తెలియదు. అలాగని దారిలో పాపకి ఏమైనా అయితే? రోజంతా ఇటు అటు ఊగేదాన్ని.

మేడమ్ వెళ్ళమన్నారు. తను మాత్రం రానన్నారు. "నా కోసం అక్కడ ఎవరూ కాచుకుని లేరు. స్కూలు మళ్ళీ తెరుస్తారు. నువ్వు బయల్దేరు. ఓడల అడుగు అంతస్తుల్లో కుక్కుకుని, చంటిపిల్లలతో ఎంతమంది తల్లులు సముద్రం దాటి అమెరికా వెళ్ళారు? చదివావుగా. నువ్వు ఎడారి దాటలేవా?"

నాకు ఒళ్ళు మండింది. అన్నాళ్ళ భయమంతా ఆవిడ మీదికే వచ్చింది. "దారిలో ఎంతమంది పిల్లలు పోయారో, ఎందర్ని సముద్రంలో వదిలారో అది కూడా చెప్పండి మేడమ్! రెండూ రాయాలి కదా!"

ఆవిడ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని సంచిలో వేసుకున్నారు. కోప్పడతారనుకున్నాను.

"నిజమే" అన్నారు. "పోయారు. అది నేను చెప్పలేదు." లేచి, ఆరబెట్టిన సీసాల దగ్గరికి వెళ్ళి ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూశారు. "మరిగించిన నీళ్ళు, కడిగిన సీసా. దారి పొడుగునా ఇవి తప్పకపోతే పిల్ల నిలుస్తుంది. నీ చేతులు పిల్లకే సరిపోతాయి. సీసాలు కడగడానికి ఒక మనిషి కావాలి." సీసా కింద పెట్టారు. "నేనూ వస్తాను."

ఆ ఒక్క మాటకి నేను మూట కట్టాను.

గుడ్డసంచిలోంచి పుస్తకాలు తీసేసి చిన్న కిరోసిన్ స్టవ్, గిన్నె పెట్టుకున్నారు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దాని నీడలో స్టవ్ వెలిగించేవారు. ఒక చెక్‌పోస్టు దగ్గర సైనికుడొకడు తుపాకితో వచ్చి, లెమ్మని అరిచాడు. మేడమ్ తలెత్తలేదు. అరచెయ్యి చూపించి, గిన్నె వైపు వేలు పెట్టారు. నీళ్ళు ఇంకా మరగలేదు. వాడు నా ఒళ్ళో పిల్లని చూశాడు. గిన్నెని చూశాడు. నీళ్ళు మరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత పొమ్మన్నట్టు తలూపాడు.

జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో దుమ్ము, ఈగలు, నీళ్ళకోసం బారులు. చుట్టూ పిల్లలకి వాంతులు, విరేచనాలు. మా పాపకి ఏమీ కాలేదు. ఇది ఎంత పెద్ద మాటో చంటిపిల్లల తల్లులకి చెప్పక్కర్లేదు.

బొంబాయిలో దిగాక ఎవరి రైలు వాళ్ళది. ప్లాట్‌ఫారం మీద అంత రద్దీలో నిలబెట్టి నా పూర్తి పేరు పిలిచారు. చుట్టూ జనం చూస్తుండగా "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. "పరీక్ష రాయి" అన్నారు. పాప తల మీద, ఈసారి సుద్ద మరక లేని చేత్తో తట్టి, కాకినాడ వెళ్ళే బండి వైపు నడిచారు. మరుసటి ఏడు పరీక్ష రాశాను. నగర రాజకీయాల బాసు మీద ప్రశ్న వచ్చింది. దొంగతనమూ రాశాను, దుప్పటీ రాశాను. మార్కులు చెప్పడానికి ఫోన్ చేస్తే, "తక్కువేశారు" అని పెట్టేశారు.

ఆవిడ గురించి కూడా రెండూ రాయాలి. నోరు పదును. మెట్ల మీద ఆ మనిషిని అంత మాటన్నందుకు ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. పన్ను పీకించడమే క్షమాపణ అనుకున్నారేమో. చేతిలో లేని పాలు ఇస్తానని నర్సుకి మాటిచ్చారు. పన్ను పీకించుకుని కూడా ఆయన తలుపు తీయకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయం. నా ఉత్తరాలకి తప్పులు దిద్ది జవాబు రాసేవారు. పిల్లని ఎత్తుకోవడం చివరిదాకా నేర్చుకోలేదు. మా ఆయనకి ఉద్యోగం మళ్ళీ దొరికి మేం కువైట్ తిరిగి వస్తున్నామని చెబితే, "పాస్‌పోర్టు నీ దగ్గరే పెట్టుకో" అన్నారు, ఇంకేమీ అనలేదు.

ఆ రోజులదని నా దగ్గర ఉన్నది ఒకే ఫోటో. గుడారాల దగ్గర బకాలా ఆయన కెమెరాతో ఎవరో జోర్డాన్ కుర్రాడు తీశాడు. ఆ శుక్రవారం సాయంత్రం రమణమ్మ, నేను దాన్ని చాలాసేపు చూశాం. చెంప లోపలికి పోయిన బకాలా ఆయన, ఆయన భార్య, పెళ్ళికొడుకులా నిటారుగా గంగారాం, కొంగు తలమీదికి లాక్కున్న రమణమ్మ, మధ్యలో పాపని ఎత్తుకుని నేను. మేడమ్ లేరు.

అందరం కెమెరా వైపు చూస్తున్నాం. పాప ఒక్కతే చూడటం లేదు. మెడ పూర్తిగా పక్కకి తిప్పి, రెండు చేతులూ చాచి, ఫోటో అంచుకి అవతల ఎవరినో చూసి నవ్వుతోంది. అటువైపే నీళ్ళ బారు, దాని పక్కన మేడమ్ స్టవ్. మేడమ్ సీసా ఊపుకుంటూ వస్తున్నారు.